గ్రహణం నాడు కోసిన వంకాయ

కార్తీక సోమవారం. నర్సంపేట బస్సులో మా సీట్లో నేను, ఒక బాలింత, ఆమె అత్త. పుట్టిన బిడ్డ దవాఖానలోనే ఊపిరాడక చనిపోయిందట.

“గ్రహణం నాడు వంకాయ కొయ్యకంటే ఇన్నదా సారూ?” అంది అత్త.

“డాక్టరమ్మ చెప్పింది గదా అత్తమ్మా!” అంది కోడలు. “ఊపిరితిత్తులు తయారుగానీకి జీన్లకు హుకుం ఇచ్చే ప్రోటీన్ ఉంటదట. బిడ్డకు అదే సక్కగ లేదట. వంకాయతోని కాదట.”

“నిజమేనా సారూ?” అత్త నన్నడిగింది.

“నిజమేనమ్మా.”

ఆ అత్త, పాలతో తడిసిన కోడలి రవికెను తన కొంగుతో కప్పింది.

మరునాడు పొద్దున మా ఆవిడకు ఇది చెప్పాను. మా మొదటి పాప కూడా ఊపిరాడకే పోయింది. కూర తరుగుతున్న ఆమె చేయి ఆగింది.

“పాప కడుపుల ఉన్నప్పుడు గ్రహణం నాడు నేను సూది పట్టిన,” అంది. “అయితే దాంతోని కాదా?”