నా పేరుతో నేను కట్టుకున్న జోహారు పాట

సహోదరులారా, సహోదరీలారా, మీ ముందు నిలబడిన ఈ సారక్క బతికుండగానే తన చావు పాట తానే కట్టుకున్న మనిషి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఈ గీరుకుపోయిన గొంతుతో ఎంతసేపు మాట్లాడగలనో నాకే తెలియదు కాబట్టి అసలు సంగతి ముందే చెప్పేశాను, ఇక నన్ను బతికించిన ప్రభువు ఆ పాటను ఏం చేశాడో నిదానంగా చెబుతాను. ఈ భూపాలపల్లిలో బొగ్గుబాయి షిఫ్టు దిగి, స్నానం కూడా సరిగ్గా చేయకుండా వచ్చి కూర్చున్న అన్నలున్నారు, వాళ్లకు నిద్ర రాకముందే ముగిస్తాను లెండి.

మాది తొర్రూరు దగ్గర పల్లె. జాకెట్లు కుట్టి బతికేదాన్ని. నా భర్త మగ్గాల పనికి భివండి పోయి అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు, నాకు పిల్లలు లేరు, తల్లిదండ్రులు లేరు, బోరింగు దగ్గరికి బిందె పట్టుకుని పోతే ఆడవాళ్ల మాటలు ఆగిపోయేవి, నేను ఇటు తిరగగానే మళ్లీ మొదలయ్యేవి. అప్పుడే రాష్ట్రం కోసం ఉద్యమం ఊళ్ల మీదికి వచ్చింది. మా చౌరస్తాలో దీక్షా శిబిరం వేశారు. అక్కడ డప్పు కొట్టే మొగిలన్న ఒకరోజు మా ఇంటి ముందు నుంచి పోతూ, మిషను తొక్కుతూ నేను తీసుకుంటున్న రాగం విని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"గింత గొంతు పెట్టుకొని గీ గుడ్డముక్కల నడుమ కూసున్నవేంది చెల్లే? జాకెట్లు ఎవలన్న కుడతరు. లే, నడువు" అన్నాడు.

అంతే, ఉద్యమ పాటల ధూంధాం వేదిక ఎక్కాను. భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, ఎదురుగా కనుచూపు మేర జనం. సినిమాల్లో మా మాటను వెక్కిరిస్తుంటే తల దించుకుని చూసినవాళ్లం కదా మనం, అదే మాటతో నేను పాడితే ఊళ్లకు ఊళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టాయి. మొగుడు విడిచిపెట్టినది అన్న నోళ్లే మన సారక్క అన్నాయి. నేను పుట్టింది ఇందుకే, నా బతుకుకు అర్థం దొరికింది అని గట్టిగా నమ్మాను. నా రాష్ట్రం కోసం పాడినందుకు ఈరోజుకూ నాకు సిగ్గు లేదు, అది కూడా చెబుతున్నాను, ఎవరూ వేరేగా అనుకోవద్దు.

కానీ ఆ రోజుల్లో ఆశ తెగిపోయి ప్రాణాలు తీసుకున్న పిల్లలున్నారు, మీకూ తెలుసు. అలాంటి బిడ్డ పోయిన ఇంటికి నివాళి పాడటానికి మమ్మల్ని పిలిచేవారు. నా దగ్గర ఒక జోహారు పాట ఉండేది, బాణీ నాదే. ఫలానా బిడ్డ చావలేదు, మనలోనే బతికి ఉన్నాడు అని దాని పల్లవి. మాటలు అవే ఉంటాయి, పేరు మారుతుంది, ఊరు మారుతుంది, తల్లి పేరు మారుతుంది. ట్రాక్టరు ట్రాలీలో పోతుంటే మొగిలన్న వివరాలు చెప్పేవాడు, దిగేలోపు జాకెట్టుకు కొలతలు మార్చినట్టు నేను పాటలో పేరు మార్చేదాన్ని. జనం ఏడ్చేవారు, నేనూ ఏడ్చేదాన్ని.

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక ఊళ్లో సంపత్ అని డిగ్రీ చదివే పిల్లవాడు అట్లాగే పోయాడు. అతని సంస్మరణ సభలో పాడాను. పాట అయ్యాక అతని తల్లి నర్సవ్వ మెల్లగా లేచి వచ్చి నా గొంగడి అంచు పట్టుకుంది.

"బిడ్డా, నా సంపతు సావలేదని పాడినవు గద. మరి యాడున్నడో చెప్పు. నేను పోయి తోలుకొచ్చుకుంట."

అందులో ఎత్తిపొడుపు లేదు సహోదరులారా, ఆ తల్లి నిజంగానే అడిగింది. మొగిలన్న గబగబా డప్పు మీద దరువు మార్చాడు, నేను ఇంకో పాట ఎత్తుకున్నాను, నర్సవ్వ ఇంకా అక్కడే నిలబడి ఉంది. తిరిగొచ్చేటప్పుడు ట్రాలీలో మొగిలన్నను అడిగాను, ఆ అవ్వ అడిగినదానికి జవాబేందని. "పాటంటే పాటనే చెల్లే, దానికి జవాబులు యాడుంటయి" అన్నాడు. ఆయన తప్పేం లేదు, నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు.

ఆ తర్వాత నా గొంతు పోవడం మొదలైంది. ముందు బొంగురు, తర్వాత పైస్థాయి అందకపోవడం, చివరికి గాలి తప్ప ఏమీ రాలేదు. మానుకోట దవాఖానలో చూపిస్తే డాక్టరమ్మ గొంతులో కాయలు కట్టాయని, మాట్లాడటం కూడా తగ్గించాలని, ఇక వేదికల మీద పాట మాటే ఎత్తొద్దని చెప్పింది. మా జట్టులోకి కొత్త అమ్మాయి వచ్చింది, నా గజ్జెలు ఆమె కాళ్లకే సరిపోయాయి. కొన్నాళ్లు పరామర్శకు వచ్చారు, తర్వాత సభల హడావుడిలో ఎవరికీ తీరలేదు. మళ్లీ నేను, మిషను, బోరింగు దగ్గర ఆగిపోయే మాటలు. పాట పోతే సారక్క అనే మనిషే లేదు, అది నాకు అప్పుడు తెలిసింది, ఎంత భయం వేసిందో చెప్పలేను.

అప్పుడు కట్టుకున్నాను ఆ పాట. ఒకరోజు జాకెట్టు చేతులు కుడుతుంటే, ఆ జోహారు పల్లవిలోకి నా పేరే వచ్చి కూర్చుంది. సారక్క చావలేదు, మనలోనే బతికి ఉంది. నా ఊరు పెట్టాను, పోయిన నా తల్లి పేరు పెట్టాను, చక్కగా కుదిరింది. అంతమందికి పాడాను కదా, నాకూ ఎవరో ఒకరు పాడతారు, అప్పుడైనా నా బతుకుకు విలువ ఉంటుంది అని ఆ మాటే లోపల తిరగడం మొదలైంది. జనగామలో పెద్ద సభ ఉందని తెలిసింది. ఆ సభకు పోవాలి, ఇంటికి తిరిగి రాకూడదు అని తీర్మానించుకుని, కుట్టిన జాకెట్లన్నీ ఎవరివి వాళ్లకు ఇచ్చేసి, తలుపు దగ్గరికి వేసి బస్సెక్కాను.

స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగి జనగామ బస్సు అందుకోవాలి. దిగి చూస్తే రోడ్డు మొత్తం పొయ్యిలే. ఆరోజు అక్కడ వంటావార్పు, రోడ్డు మీదే రాళ్లు పెట్టి, గుండిగలు ఎక్కించి ఊరంతా వంట చేస్తోంది, బస్సులు ఎక్కడివక్కడ ఆగాయి, ఆగిన ప్రయాణికులందరినీ దింపి బంతిలో కూర్చోబెడుతున్నారు. చావడానికి పోతున్నదాన్ని రోడ్డు మీద ఆపి అన్నం పెట్టించాడు నా దేవుడు, ఆయనకే మహిమ!

ఒక పొయ్యి దగ్గర గంటె పట్టుకుని ఉన్నది నర్సవ్వ.

"ఎవలు, సారక్కవా? గిట్ల ఎండిపోయినవేంది బిడ్డా? కూసో, జర తిను" అని విస్తరి వేసి, అన్నం, పప్పుచారు వడ్డించింది. గొంతు పోయిందని సైగ చేశాను. ఆమె గుండిగ కలుపుతూ ఉంది, నేను ముద్ద కలుపుతూ ఉన్నాను, నాకు తెలియకుండానే నా పాట నా పెదవుల మీదికి వచ్చింది. శబ్దం కూడా కాదు, ఉత్త ఊపిరి. కానీ కొడుకు కోసం పాడిన పాటను ఏ తల్లి మరిచిపోతుంది? ఆమె గంటె ఆగిపోయింది.

"గిది నా కొడుకు పాట. గిందుల నీ పేరెందుకు పడ్డది?"

ఆమె పొయ్యి వదిలేసి వచ్చి నా ఎంగిలి చేయి గట్టిగా పట్టుకుంది. ఇక దాచలేక గుసగుసగా చెప్పేశాను, నేను కూడా సంపత్ పోయిన దారినే పోతానని, అప్పుడన్నా నా పేరు పాడతారని.

"పాడుతరు బిడ్డా. నా కొడుకుకూ మంచిగ పాడినవు. పాటయినంక మీరందరు ట్రాలీ ఎక్కి పోయిన్రు, నేను ఒక్కదాన్నే ఇంట్లకు పోయిన" అని, ఆ రోడ్డు మీద, అంత జనంలో, పొగలో, నా చేయి విడవకుండా కళ్లు మూసుకుని ప్రార్థించింది.

"యేసయ్యా, నా కొడుకు పోయిననాడు నేను పక్కకు లేకపోతి. గీ బిడ్డ పక్కకు ఉన్న. గీ పొద్దు నన్ను ఆలిశెం కానియ్యలేదు నువ్వు. నీకు దండం పెడత, గీ బిడ్డను నాకియ్యి."

ఆ ప్రార్థనకు నా లోపల ఏదో తెగింది. భోరున ఏడ్చాను, గొంతు లేకుండా ఏడవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. ఏడ్చి ఏడ్చి ఆమెనే అడిగాను, అవ్వా, నీ కొడుకు ఎక్కడున్నాడని నన్నడిగావు కదా, నీకు జవాబు దొరికిందా అని.

"యాడున్నడంటే నేను చెప్పలేను, తెలుసని అబద్దమాడను. గని నా సంపతు కోసం నాకంటె ఎక్కువ ఏడ్సినోడు ఒకడున్నడని తెలిసింది. ఆయన సచ్చి లేసినోడు, ఇగ సావనోడు. నా కొడుకును ఆయన చేతుల పెట్టి ఊకున్న. నువ్వు మాత్రం బతికుండంగనే ఆయన చేతుల పడు బిడ్డా."

ఆమె నన్ను తన ఇంటికి తీసుకుపోయింది. కొడుకు పోయాక అందరూ రావడం మానేసినా, రైలు గేటు అవతల రేకుల షెడ్డులో ప్రార్థన చేసుకునేవాళ్లు మాత్రం రోజూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నారట, అట్లా ఆమె ప్రభువును తెలుసుకుంది. నేనూ ఆ షెడ్డులో చాప మీద కూర్చుని వాక్యం విన్నాను. ఎంతమందిని బతికి ఉన్నాడు, బతికి ఉన్నాడు అని పాడాను, అది పాట అని పాడే నాకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. ఒక్క యేసు విషయంలో అది నిజంగా జరిగిన సంగతి. ఆయన నా పాపం మోసి చనిపోయాడు, సమాధిలోంచి లేచాడు, తనను నమ్మినవాళ్లను తనతోనే ఎల్లకాలం ఉంచుకుంటాడు. జనం నోట పేరు ఉండటం ఒక బతుకా, జనం మరిచిపోతే అది కూడా పోతుంది, దేవుడితో ఉండే బతుకు వేరు. ఆరోజు మోకాళ్లూని నేను చేసిన మొదటి ప్రార్థన ఇదే: "యేసయ్యా, నా పేరు ఎవలు పాడకున్నా మంచిదే. నువ్వు పిలువు, నేను పలుకుత."

ఆకేరు వాగులో బాప్తిస్మం తీసుకున్నాను. పేరు మార్చుకుంటావా అని పాస్టరుగారు అడిగితే, వద్దయ్యగారూ, ఆయన నన్ను సారక్కగానే పిలిచాడు అన్నాను. మా పల్లెకే తిరిగి వచ్చి మళ్లీ మిషను తొక్కుతున్నాను, ఆదివారం మాత్రం ఆ షెడ్డుకు పోతాను. అదే పల్లె, అదే బోరింగు, ఇప్పుడు ఆడవాళ్ల మాటలు ఆగితే నేనే అందుకుని కబుర్లు మొదలుపెడతాను. దేవుడు నా పాత గొంతు తిరిగి ఇవ్వలేదు, ఈ గొంతు ఇచ్చాడు, చాలు.

రాష్ట్రం వచ్చింది. ఊరూరా రంగులు, డప్పులు, మిఠాయిలు, నేనూ నర్సవ్వా రోడ్డు మీద నిలబడి ఆనందంతో ఏడ్చాం. ఆ ఆదివారం మొగిలన్న డప్పు వేసుకుని ఆ రేకుల షెడ్డు దాకా వెతుక్కుంటూ వచ్చాడు. "చెల్లే, గింత సంబురంల నీ పాట లేకపోతే ఎట్ల? ఎట్లున్నా సరే, ఒక్కటి పాడు" అన్నాడు. ఏం పాడను అనుకుంటే నా నోటికి ఆ జోహారు బాణీయే వచ్చింది. పల్లవిలో పేరు దగ్గరికి రాగానే నర్సవ్వ వంక చూశాను, ఆమె తల ఊపింది. ఆ చోట యేసయ్య పేరు పెట్టాను. యేసయ్య చావలేదు, మనతోనే బతికి ఉన్నాడు అని పాడాను. షెడ్డంతా అందుకుంది, నర్సవ్వ అందరికంటే గట్టిగా అందుకుంది, మొగిలన్న కళ్లు తుడుచుకుంటూ దరువేశాడు. ఆరోజు నుంచి ఆ పాటలో పేరు మార్చే పని నాకు పడలేదు.

ప్రియులారా, ఈ పందిట్లో నాలాగా లోలోపల తన చావు పాట తానే కట్టుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే, అన్న గానీ, అక్క గానీ, చదువుకునే బిడ్డ గానీ, ఒంటరిగా ఇంటికి పోవద్దు. నేను ఈ మైకు పెట్టేయగానే నా దగ్గరికి రండి. మీ కోసం చనిపోయి లేచినవాడు బతికే ఉన్నాడు, మీ పేరు ఆయనకు తెలుసు. పందిరి వెనకాల వంట అయింది, ముందు కలిసి తిందాం, తిన్నాక కలిసి ప్రార్థిద్దాం. వడ్డించడానికి నర్సవ్వ గంటె పట్టుకుని నిలబడే ఉంది.