సూది నాది, వెన్ను ఆవిడది

మొన్న మంగళవారం పొద్దున డ్యూటీకి తయారవుతుంటే గుడివాడ నుంచి ఫోను వచ్చింది. మత్తు డాక్టరుగారు పోయారు. ముందురోజు మధ్యాహ్నం భోంచేసి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నారట. మళ్ళీ లేవలేదు. ఫోను చేసింది ఆవిడ తమ్ముడి కోడలు. "డైరీలో మీ నంబరు పక్కన 'సిస్టర్, బందరు' అని ఉందండీ. మీకు చెప్పకపోతే బాగోదనిపించింది" అంది.

బందరులో నేను నర్సుగా పనిచేస్తున్న ఆసుపత్రికి ఆవిడ పన్నెండేళ్ళు వచ్చారు. సొంతంగా ఆసుపత్రి లేదు. ఎక్కడ ఆపరేషనుంటే అక్కడికి, తన సూదులూ మందులూ సర్దుకున్న గోధుమరంగు పెట్టెతో వెళ్ళేవారు. కోసిన డాక్టరు పేరు ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది. మత్తిచ్చిన డాక్టరు ముఖం కూడా ఎవరికీ గుర్తుండదు. ఆ సంగతి ఆవిడని ఎప్పుడూ బాధపెట్టినట్టు లేదు.

నొప్పులు తెలియకుండా కాన్పు చేయించే ఎపిడ్యూరల్ ఇంజెక్షను మావైపు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. నడుము దగ్గర వెన్నుపూసల మధ్యకి సూది దింపి, అందులోంచి దారమంత సన్నటి గొట్టం పంపి, దాంట్లోంచి మందు ఎక్కిస్తారు. ఆ సూది ఆగాల్సిన చోటికీ, దాటకూడని పొరకీ మధ్య ఉండేది నాలుగైదు మిల్లీమీటర్లే. ఆ కాస్త ఎడం కంటికి కనిపించదు. వేలికి తెలియాలి. గర్భిణిని వంచి భుజాలు పట్టుకోవడం నా పని కాబట్టి ఆవిడ వేళ్ళని దగ్గర నుంచి చూసేదాన్ని. ఆ పొర దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఊపిరి కూడా ఆగినట్టుండేది.

అంతకంటే నన్ను ఆశ్చర్యపరిచింది సూది పట్టుకునే ముందు ఆవిడ చేసే పని. నొప్పులు ఇంకా తక్కువగా ఉండగానే స్టూలు లాక్కుని ఆ అమ్మాయి ఎదురుగా కూర్చునేవారు. "బీపీ పడిపోవచ్చమ్మా, కళ్ళు తిరుగుతాయి. వణుకు రావచ్చు, దురద పుట్టచ్చు. కాళ్ళు బరువెక్కుతాయి. ఒంటేలు వస్తున్నది తెలియకపోతే గొట్టం వెయ్యాల్సి రావచ్చు. బిడ్డని తోసే వేళ తోపు సరిగా తెలియక ఆలస్యం కావచ్చు, పరికరం పెట్టి తియ్యాల్సి రావచ్చు. ఒక్కోసారి ఒక పక్కే పనిచేస్తుంది. సూది లోపలి పొరకి తగిలితే కొన్నాళ్ళు తలనొప్పి పట్టుకుంటుంది. నరానికి దెబ్బ తగలడం, చీము పట్టడం, మందు పైకి పాకి ఊపిరికి కష్టం కావడం చాలా అరుదు. కానీ లేవని చెప్పను" అని, అడిగినవాటికి జవాబులు చెప్పి, ఆలోచించుకోమని లేచి వరండాలోకి వెళ్ళిపోయేవారు.

ఒకరోజు ఉండబట్టలేక అన్నాను. "అన్నీ అలా ఏకరువు పెడితే ఎవరు ఒప్పుకుంటారు మేడమ్? సగం మంది భయపడి వద్దంటున్నారు."

"వద్దంటే వద్దు. సూది నాదే గానీ, వెన్ను ఆవిడది కదా సిస్టర్" అన్నారు.

నాకు ఆ మాట ఎక్కలేదు. చాదస్తం అనుకున్నాను. హంసలదీవి నుంచి చేపల వ్యాపారం చేసుకునే వాళ్ళ కోడలు కాన్పుకి వచ్చేవరకూ అలాగే అనుకున్నాను.

ఆ అమ్మాయికి బీపీ ఎక్కువగా ఉండేది. నొప్పుల ఒత్తిడికి అది ఇంకా పెరగకుండా ఎపిడ్యూరల్ ఇస్తే మంచిదని కాన్పులు చేసే మా పెద్ద డాక్టరుగారు అన్నారు. ఈవిడ స్టూలు లాక్కుని మొత్తం చెప్పారు. ఆ అమ్మాయి అంతా విని ఒక్కటే అడిగింది. "మందిచ్చేసి ఎల్లిపోతారా అమ్మగారూ?"

"వెళ్ళను. బిడ్డ పుట్టేదాకా ఈ గదిలోనే ఉంటాను."

"అయితే ఇయ్యండి."

మందెక్కిన పావుగంటకి నొప్పులు సర్దుకున్నాయి. నేను చార్టు రాసుకుంటున్నాను. ఆ అమ్మాయి మెల్లగా, ఏదో గుర్తొచ్చినదానిలా, "అమ్మగారూ, మీరు చెప్పారే, కళ్ళు తిరగటం. అది వచ్చిందండీ" అంది. అప్పటికే డాక్టరుగారు లేచి ఆ అమ్మాయిని ఎడంపక్కకి తిప్పుతున్నారు. చూస్తే బీపీ బాగా పడిపోయింది. సెలైను జోరు పెంచాం, ఇంజెక్షను ఇచ్చారు. కొన్ని నిమిషాల్లో బీపీ నిలదొక్కుకుంది. బిడ్డ గుండె చప్పుడు మళ్ళీ సమంగా వినిపించింది. అంతసేపూ ఆ అమ్మాయి కంగారుపడలేదు. జరిగేది ఏమిటో తనకి తెలుసు. తెలియకపోయుంటే నిద్ర ముంచుకొస్తోందనుకుని నోరు మూసుకుని పడుకునేదేమో. అప్పటిదాకా చాదస్తమనుకున్నది చికిత్సలో భాగమని ఆరోజు తెలిసింది.

రెండేళ్ళ తరవాత నా కాన్పు వచ్చింది. కోడూరు నుంచి అమ్మ వచ్చింది. ఎన్నో నడుములు వంచి పట్టుకున్న నేను దిండు పట్టుకుని వంగి కూర్చున్నాను. తెలిసినదాన్నే అయినా నాకూ అన్నీ చెప్పారు. నేను నవ్వితే, "నవ్వండి, కానీ వినండి" అన్నారు.

సూది లోపలికి వెళ్తుండగా పెద్ద నొప్పి వచ్చింది. నేను కదిలాను. వీపు మీద వెచ్చగా నీళ్ళు జారాయి. అది వెన్నులోని నీరని నాకు తెలుసు. ఆవిడ సూది తీసేసి, నా ముందుకొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని నా కళ్ళలోకి చూశారు.

"సిస్టర్, సూది లోపలి పొరని దాటింది. రేపో ఎల్లుండో మీకు తలనొప్పి రావచ్చు."

"నేనే కదిలాను మేడమ్."

"నొప్పుల్లో ఉన్న మనిషి కదులుతుందని తెలిసే సూది పట్టుకున్నాను. చెయ్యి నాది. పైపూస దగ్గర మళ్ళీ ప్రయత్నించమంటారా, వదిలెయ్యమంటారా?"

ప్రయత్నించమన్నాను. ఈసారి సరిగా కుదిరింది. సాయంత్రం అమ్మాయి పుట్టింది. బిడ్డ దిగుతున్న బరువు తెలుస్తోంది, నొప్పి లేదు. అంత పెద్ద పని నా ఒంట్లో జరుగుతుంటే తెలివిగా చూస్తూ ఉండగలగడం నాకు ఇప్పటికీ నమ్మశక్యం కాని విషయం.

మర్నాడు తలనొప్పి మొదలైంది. పడుకుంటే ఏమీ లేదు. లేచి కూర్చుంటే మెడ వెనక నుంచి కళ్ళదాకా ఎవరో పట్టి లాగుతున్నట్టుండేది. బిడ్డకి పడుకునే పాలిచ్చాను. అమ్మ ఊరుకోలేదు. డాక్టరుగారు రాగానే, "మేం ఆరుగుర్ని కన్నామండీ, ఏ సూదీ లేకుండా. పిల్ల తలెత్తలేకపోతోంది" అంది.

పెద్ద డాక్టరుగారు పక్కనే ఉన్నారు. కాన్పులో నరాలు అలిసిపోయాయని ఏదో ఒకటి చెబితే అమ్మ నమ్మేది. ఆవిడ అలా చెప్పలేదు. "నా చేతివల్లే జరిగిందమ్మా" అని, ఎలా జరిగిందో కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. అమ్మ కోపం మాత్రం పోలేదు. రెండు రోజులు ఆవిడ వస్తే అమ్మ మొహం తిప్పుకుని బైబిలు తెరుచుకునేది. ఆవిడ మాత్రం రోజుకి మూడుసార్లు వచ్చేవారు. మాత్రలిచ్చారు, నీళ్ళూ కాఫీ తాగించారు. తలనొప్పి తగ్గలేదు.

నాలుగో రోజు పొద్దున స్టూలు లాక్కుని కూర్చున్నారు. "మీ రక్తమే కాస్త తీసి, వీపులో ఆ పొర బయట ఎక్కిస్తే, చిల్లు మీద అతుకులా గడ్డకడుతుంది. మళ్ళీ అదే సూది. మళ్ళీ అదే పొరపాటు జరగచ్చు. రెండు మూడు రోజులు నడుం పట్టేస్తుంది. ఫలించకపోనూవచ్చు. ఆగితే దానంతటదే మానే అవకాశం ఎక్కువ, కానీ ఎన్నాళ్ళో చెప్పలేను. చేయించుకుంటానంటే విజయవాడ నుంచి ఇంకో డాక్టరుగారిని పిలిపిస్తాను. నా చెయ్యినే నమ్మాలని లేదు."

అమ్మ పుస్తకం మూసింది. నేను జవాబు చెప్పేలోగా తనే అడిగింది. "మీరు చెయ్యలేరాండీ?"

"చెయ్యగలనమ్మా. చేతికి భయం లేదు. మీకు ఉంటుందేమోనని."

"మీరే చెయ్యండి" అంది అమ్మ. నేనూ అదే అన్నాను.

పెద్ద డాక్టరుగారు నా చేతి నుంచి రక్తం తీసి అందించారు. ఆవిడ కొంచెం కొంచెంగా ఎక్కిస్తూ, "నడుం బిగిసినట్టుంటే చెప్పండి, ఆపేస్తాను" అంటూనే ఉన్నారు. చెప్పాను, ఆపారు. రెండు గంటలు వెల్లకిలా పడుకోబెట్టారు. తరవాత ఆవిడా అమ్మా చెరో పక్కా పట్టుకుని లేపారు. కళ్ళు మూసుకుని నొప్పి కోసం చూశాను. రాలేదు.

ఎంతోమంది తమ నేర్పు చూపి మెప్పు పొందడం చూశాను. తన చెయ్యి తప్పిన చోటుని తనే వేలుపెట్టి చూపించి, మళ్ళీ అక్కడే నిలబడి సరిచేసిన మనిషిని ఆవిడనొక్కరినే చూశాను. ఇప్పుడు మా ఆసుపత్రికి కొత్తగా వచ్చే నర్సులకి మందుల పేర్ల కంటే ముందు స్టూలు ఎక్కడ వేసుకోవాలో చెబుతాను.

నా తలనొప్పి పోయిన ఆ మధ్యాహ్నం అమ్మ క్యారేజీ విప్పింది. కోడూరు నుంచి మా అన్నయ్య తెచ్చిన రొయ్యలు వండింది. "మీరూ కూర్చోండి, పొద్దుటినుంచీ ఏం తిన్నారు గనక" అని కింద పాత పేపరు పరిచింది. డాక్టరుగారు చెప్పులు విడిచి, అమ్మకి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మంచం మీద నిటారుగా కూర్చుని, ఒళ్ళో బిడ్డని పెట్టుకుని నేను చూస్తున్నాను. ఆవిడ చాలనకముందే అమ్మ ఇంకో గరిటె వేసింది. ఆవిడ తల వంచుకుని, ఆకలిగా, చంటిపిల్లలా తింటున్నారు.