పళ్లకు మందు పూస్తే కాళ్లు కొలిచిన అవ్వ

మా చిన్నప్పుడు... బెల్లం గానుగ దగ్గర పిల్ల ఏడిస్తే నోట్లో బెల్లం ముద్ద పెట్టేవాళ్లు. ఏడుపు ఆగేది. పళ్లు పోయేవి.

పుత్తూరు పక్కన చెరుకు తోటల్లో అమ్మా నాయనా కూలికి పోయేవాళ్లు. మేం పళ్లు తోముకునేది పొయ్యిలో కాలిన చెరుకు పిప్పి బూడిదతో. పదేళ్లకే నాకు రెండు దవడ పళ్లు పీకేశారు. కూలోళ్ల పిల్లలకు పీకడమే వైద్యం... ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది.

అప్పటికి చెల్లికి ఆరేళ్లు. దానికి అప్పుడే కొత్త దవడ పళ్లు వస్తున్నాయి.

ఒకరోజు బడికి పళ్ల డాక్టరమ్మ వచ్చింది. బాగున్న పళ్లు పుచ్చకుండా చిన్న కుంచెతో ఫ్లోరైడ్ పూస్తానంది. ఆ పేరు విన్నదో లేదో మా అవ్వ పరిగెత్తుకొచ్చి చెల్లిని వరుసలోంచి లాగేసింది.

"అది నీళ్లలో ఉంటేనే కాళ్లు వంకరపోతాయంట! పిల్లోళ్ల నోట్లో పూస్తావా తల్లీ? రేపు ఎముకలు వంగితే పుత్తూరు కట్టుకు నువ్వు తీసుకపోతావా?"

"నీళ్లలో ఎక్కువుండి, ఏండ్ల తరబడి తాగితే అట్లవుతాది అవ్వా. మీ ఊరి నీళ్లు పరీక్ష చేసే వచ్చినాం. ఇది రవ్వంత... పళ్ల మీదే అంటుకోని ఉంటాది."

ఎవరు వింటారు? అవ్వను చూసి మిగతా తల్లులూ పిల్లల్ని లాక్కున్నారు. వరుస ఖాళీ.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. చెల్లికీ నా గతే పట్టాలా? పోయి నోరు తెరిచి నిలబడ్డాను.

"నాకు పూయండి మేడమ్. వంకరపోతే నా కాళ్లే గదా!"

"దొడ్డికాళ్ల దాన్ని యెవుడు సేసుకుంటాడే నిన్ను!" అవ్వ అరుస్తుండగానే డాక్టరమ్మ నా పళ్లకు పూసేసింది.

ఇంటికి పోగానే దారం తీసింది. కాళ్లు వంగితే కొలత తగ్గుతుందని, నా నడుం నుంచి మడమ దాకా కొలిచి, ముడి వేసి, దేవుడి పటం వెనక దాచింది. రోజూ పొద్దున్నే అదే కొలత. నేను కావాలనే ఊరంతా పరుగులు తీసేదాన్ని.

ఎనిమిదో రోజు... ముడి ఎక్కడిదక్కడే. అవ్వ రెండుసార్లు చూసింది.

"సరేలే... సిన్నదాన్ని పిలుసుకోని రా."

డాక్టరమ్మ అప్పటికి పక్క ఊరి బడిలో ఉంది. చెల్లిని చంకనేసుకుని అవ్వే నడిచింది. వెనకాల తల్లులు, పిల్లలు... తిరునాళ్లే! అందరికీ పూసి, సాయంత్రం దాకా గట్టివి తినొద్దని డాక్టరమ్మ అంటే, అవ్వ గానుగ దగ్గర కర్ర పట్టుకుని కూర్చుంది.

"బెల్లం మీద సెయ్యి పడిందా, ఇరగ్గొడతా! కట్టుకు నేనే తీసుకపోతా!"

ఆ తర్వాత ఆర్నెల్లకోసారి డాక్టరమ్మ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ వరుసలో పిల్లల్ని నిలబెట్టింది మా అవ్వే.

నేనిప్పుడు తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తున్నా. మొన్న ఊరికి పోతే చెల్లి చెరుకు గడను పళ్లతో పరపరా చీల్చింది. "నువ్వు నమల్లేవు గదక్కా, రసం తాగు" అని ఎకసెక్కం! ఎగతాళి చెయ్యనీ... దానికి ఒక్క పన్నూ పుచ్చలేదు. గెలిచింది మేమే!

గానుగ మూతపడింది. బెల్లం వాసనా లేదు. పటం వెనక దారం అట్లాగే ఉంది... కొలిచే అవ్వే లేదు.

మీ పళ్ల కోసం ఊరితో కొట్లాడినవాళ్లు మీకూ ఉంటారు... వాళ్ల గురించి కింద రాయండి, చదువుతా.