బోరు లెక్క పుస్తకం

బుధవారం. పొద్దున్నుంచీ మబ్బు పట్టింది గానీ చినుకు రాలలేదు. ట్యాంకరు నీళ్ళతో ఆవుల కొట్టం కడిగాను.

సాయంత్రం మా అన్న కూతురు భార్గవి చింతామణి నుంచి వచ్చింది. భూగర్భ జలాల గురించి జర్మనీలో చదవడానికి అప్లికేషన్ పెడుతోంది. ఆ చదువు ఎందుకో చెబుతూ రాసిన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ను నాకు తెలుగులో వినిపించింది. అందులో ఉన్నదంతా నా పుస్తకమే. మా బోరు మోటారు రోజూ ఎన్ని నిమిషాలు నీళ్ళు పోస్తుందో పదకొండేళ్ళుగా నేను రాసుకుంటున్న లెక్క అది.

"చుట్టూ బోర్లన్నీ ఎండిపోయినా మాది ఇంకా పది నిమిషాలు పోస్తాండాది, దాన్ని నిలబెట్టేకి తిరిగొస్తానని రాసినా. బాగుండాదా చిన్నాయనా?"

"బాగుండాదమ్మా."

"ఇంత రాస్తే ఒక్క మాటేనా? నోట్లో మాట కూడా లెక్కేసి తీస్తావు కదప్పా!"

నవ్వుతూ నా ముందే ఫోనులో నొక్కి పంపేసింది.

బోరు ఎండి నలభై రోజులయింది. సున్నా వేయడానికి చెయ్యి రాక రోజూ పది అనే రాస్తున్నాను. ఇన్నేళ్ళ పుస్తకంలో అబద్ధమున్న ఆ నాలుగు పేజీలనే పిల్ల నమ్మింది. చెబితే, తిరిగి రావడానికి ఆమె రాసుకున్న కారణమే పోతుంది. మీరైతే చెప్పేవారా?

పుస్తకం ముందర తెరిచే ఉంది. ఈ రోజు మోటారు పోసిన నిమిషాలు: