గిన్నెను తిన్న నల్లపొడి

మొన్న తార్నాకలో మనవడి పెళ్లికి వాణ్ణి వెంటబెట్టుకుని ఉంగరం కొనబోతే, దుకాణదారు దాన్ని దీపం కింద తిప్పి చూపిస్తూ, "ప్లాటినం సార్, దేనికీ లొంగదు" అన్నాడు. సరిగ్గా ఆ మాటే నమ్మి పందొమ్మిదివందల అరవైల చివర్లో నేను పరమ శుంఠనయ్యాను. నమ్మించిన మనిషి నాకు తోడుగా వచ్చి, అదే దుకాణంలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

అప్పట్లో మేమిద్దరం యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒకే కెమిస్ట్రీ మాస్టారి దగ్గర పరిశోధకులం. ఆయన నాకు సీనియరు, లాలాగూడ రైల్వే క్వార్టర్సు నుంచి సైకిల్ మీద వచ్చేవాడు, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. నేను కోస్తా నుంచి కొత్తగా దిగినవాణ్ణి. ఆయన మాటలో సగమే అర్థమయ్యేది. అర్థం కాని సగాన్ని నమ్మేసేవాణ్ణి. చాకలి సోడా, అంటే సోడియం కార్బొనేట్, కోబాల్ట్ ఆక్సైడ్ కలిపి కొలిమిలో కాల్చడానికి పింగాణీ గిన్నె తీస్తుంటే, "అది పగులుతది తమ్మీ. ప్లాటినం గిన్నె తీస్కో, దానికేం గాదు" అన్నాడు. డిపార్ట్‌మెంటు మొత్తానికీ అదొక్కటే ప్లాటినం గిన్నె. వారం తర్వాత తీసి చూస్తే లోపల నల్లపొడి, గోడలకు మిలమిలలాడే నల్లటి స్ఫటికాలు. కడిగి తూస్తే గిన్నె బరువు తగ్గింది. పరిశోధన చెయ్యమంటే పరిశుభ్రంగా గిన్నె తినేశాను. మాస్టారు కేకలు వెయ్యలేదు. తగ్గిన ప్లాటినం ఎక్కడికి పోయిందో వేసవి సెలవుల్లోగా చెప్పమన్నారు, చెప్పలేకపోతే ఊరికి వెళ్లిపొమ్మన్నారు. అన్న తన సలహా ఊసెత్తకుండా, క్యాంటీన్‌లో అందరి ముందూ "ఏంది తమ్మీ, ఇయ్యాల చెంచా తింటవా, సాసర్ తింటవా?" అనేవాడు.

ఊరికి ఏ మొహం పెట్టుకుని పోను? ఒక స్ఫటికాన్ని గాజు పోగు కొసన అంటించి ఎక్స్-రేల్లో తిప్పాను. ఫిల్ముల మీద పడ్డ చుక్కల నలుపును కంటితోనే అంచనా కట్టి, లోపల ఏ పరమాణువు ఎక్కడుందో లెక్కలు వేసి, కొట్టేసి, మళ్లీ వేశాను. ఎండలు ముదిరేసరికి ప్లాటినం దొరికింది. అది ఎక్కడికీ పోలేదు, స్ఫటికంలోకి కాపురానికి వెళ్లింది. ఒక్కో ప్లాటినం చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, చదునైన పలకలా. ఆ పలకలు కంచాల దొంతరలా ఒకదాని మీద ఒకటి. దొంతరల మధ్య సందుల్లో సోడియం, కోబాల్ట్. ఎవరితోనూ కలవదనుకున్న దొరసాని ఇద్దరితో కలిసి కొత్త ఆక్సైడ్ అయి కూర్చుంది. కొయ్యబంతులతో నేను కట్టిన నమూనా చుట్టూ మాస్టారు రెండుసార్లు తిరిగి, "ఇంతవరకూ ఎవరూ చూసింది కాదురా ఇది" అన్నారు. ఆ సాయంత్రం తార్నాక దాకా నడిచానో తేలానో చెప్పలేను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే చెయ్యి దానంతటదే కాలరు సర్దుతుంది.

అన్న మాత్రం తన సలహా సంగతి ఎన్నడూ ఒప్పుకోలేదు. అందుకే మొన్న దుకాణదారుతో, "లొంగుతుందో లేదో ఆ పెద్దాయన్ని అడగండి" అన్నాను. దుకాణమంతా ఆయన వైపు తిరిగింది, నా మనవడితో సహా. అన్న గొంతు సవరించుకున్నాడు.

"సోడాతోని కాలిస్తే లొంగుతది బిడ్డా. ఆ గిన్నె తీస్కొమ్మన్నది నేనే. పేరు గీయనకొచ్చింది."

ప్లాటినం లొంగడానికి వారం పట్టింది. అన్నకు యాభై ఏళ్లు దాటింది.