కాలరు మీది మర్యాద

మా ఎదురింటి గుమాస్తాగారికి మురికంటే భయం లేదు, మురికి చూసి లాండ్రీ మనిషి ఏమనుకుంటాడోనన్నదే భయం. భార్య వేళ్ళు పగిలాయి, సబ్బు తగలనివ్వొద్దని డాక్టరు చెప్పాడు కనుకనే ఈయన లాండ్రీ మాట్లాడుకున్నాడు. లాండ్రీ మనిషి శనివారం వస్తాడనగా ఈయన హడావుడి శుక్రవారమే మొదలు. ఒక్కో చొక్కా వెలుతురుకేసి పట్టి, "ఈ కాలరు చూస్తే మన పరువేం కానే? ఓసారి రుద్దెయ్" అంటాడు. ఆవిడ రుద్దాలి, ఆరెయ్యాలి, మడతపెట్టి సంచిలో సర్దాలి. వీధిబడిలో చదివి, ముప్పై ఏళ్ళు పదిమందిచేత పని చేయించిన నేను నా కాలరు నేనే రుద్దుకున్నాను. ఈయనకు బకెట్టు ఎటువైపు లోతో కూడా తెలియదు.

మొన్న లాండ్రీ మనిషి సంచి అందుకుంటూ నవ్వాడు. "మీ బట్టలొస్తే మాకు హాయి సార్. ఉతికే పనే ఉండదు, ఇస్త్రీ చేసి పంపేస్తాం." గుమాస్తాగారి ఛాతీ జానెడు పొంగింది. "విన్నావా? మన ఇంటి మర్యాద అదీ!" అన్నాడు లోపలికి తిరిగి. ఆవిడ గుడ్డపీలికలు చుట్టిన వేళ్ళతో గుమ్మంలోకి వచ్చింది. "ఆ ఒంటిమీది చొక్కా కూడా రుద్దకుండా అలాగే విప్పి ఇచ్చెయ్యండి. ఇకమీదట మీ మర్యాద మీరే రుద్దుకోండి" అంది.

గుమాస్తాగారు ఆ వేళ్ళవైపు చూడలేదు. ఆయన చెయ్యి గబుక్కున మెడమీదికి పోయింది, కాలరు దాచుకోవడానికి.