వెనక లాంచీలో వస్తానంది

మా ఇంట్లో అందరూ నవ్వుకుంటూ చెప్పుకునే కథ ఒకటుంది. అందులో ఒక అబద్ధం ఉంది. అది నాది. ఇన్నేళ్ళుగా దాన్ని మోస్తున్నాను. మోస్తున్నానంటే రోజూ ఏడుస్తున్నానని కాదు. ఆఫీస్‌కి వెళ్తాను, వంట చేస్తాను, చలికాలం ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తాను. కానీ ఎవరైనా నాగార్జునకొండ అన్నారంటే చాలు, చేతిలో ఉన్న కాఫీ కప్పు పక్కన పెట్టేస్తాను.

మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మేముండేది అమెరికాలో, నోవై అనే ఊళ్ళో. మా ఆయన, మా మరిది ఇద్దరూ ఇక్కడ కార్ల కంపెనీలకి పనిచేస్తారు. రెండిళ్ళకీ మధ్య రెండు సిగ్నళ్ళ దూరం. మరిది భార్య శ్రావణి. అది ఆమె అసలు పేరు కాదు. నాకంటే చిన్నది, నాకంటే ఎక్కువ చదివింది, నాకంటే మెల్లగా మాట్లాడుతుంది. నన్ను అక్కా అంటుంది. నోటితో అనడం కాదు, నిజంగానే అక్క అనుకుంటుంది. అది ముందే చెప్పాలి మీకు.

మా అమ్మాయి ఫస్ట్ గ్రేడ్ అయిన వేసవిలో నేను దాన్ని తీసుకుని హైదరాబాద్ వెళ్ళాను. మా ఆయనకి లీవ్ దొరకలేదు. శ్రావణి, మరిది కిరణ్ మాకంటే ముందే వెళ్ళి అత్తయ్య దగ్గర ఉన్నారు. ఈసారి ఎందుకు అన్ని రోజులు ఉంటున్నారో నేను అడగలేదు. కిరణ్ అక్కణ్ణుంచే ఆఫీస్ పని చేసుకుంటున్నాడు. ఇద్దరూ పొద్దున్నే ఎక్కడికో వెళ్ళొచ్చేవాళ్ళు. షికార్లు అనుకున్నాను. మూతి కూడా తిప్పుకున్నాను.

ఒకరోజు అత్తయ్య నాగార్జునసాగర్ వెళ్దామన్నారు. లాంచీలో కొండకి వెళ్ళి, బుద్ధుడి స్తూపాలు చూసి, సాయంత్రానికి తిరిగి రావచ్చన్నారు. శ్రావణికి ఆ కొండ చూడాలని ఎప్పటినుంచో ఉంది. అయినా వెంటనే ఒప్పుకోలేదు. "సాయంత్రానికి కచ్చితంగా వచ్చేస్తాం కదా అత్తయ్యా?" అని అడిగింది. కారెక్కాక డ్రైవర్‌నీ అడిగింది. దారిలో టీ తాగడానికి ఆగితే నన్నూ అడిగింది. ఆఫీస్ పనుందని కిరణ్ ఇంట్లోనే ఉండిపోయాడు. ఒక్క సాయంత్రం మొగుడు కనపడకపోతే ఉండలేదా ఈ పిల్ల, అనుకున్నాను.

లాంచీలో మాతోపాటు తెల్లబట్టలు కట్టుకున్న యాత్రికులు కొందరు ఎక్కారు. శ్రీలంక నుంచి వచ్చారట. చేతుల్లో తామరపూలు. ఒక ముసలావిడ శ్రావణిని ఇంగ్లీషులో ఏదో అడిగింది. శ్రావణి చెప్పడం మొదలుపెట్టింది. ఈ నీళ్ళ కింద ఒక లోయంతా ఉందట, ఆ లోయ నిండా భిక్షువులు ఉండి చదువుకున్న విహారాలు ఉండేవట, డ్యామ్ కట్టినప్పుడు స్తూపాల్ని ఇటుక ఇటుకా విప్పి, పైకి తెచ్చి కొండ మీద మళ్ళీ కట్టారట. చుట్టూ జనం చేరి వింటున్నారు. అత్తయ్య ముఖం వెలిగిపోతోంది. "మా చిన్న కోడలండీ" అని పక్కావిడకి చెప్పారు. నేను ఇటుపక్కనే కూర్చుని ఉన్నాను. నేనెవరో చెప్పలేదు.

మా అమ్మాయి నీళ్ళలోకి వంగి చూస్తూ, కింద చేపలు ఆ స్కూల్‌కి వెళ్తాయా అని అడిగింది. నేను జవాబు చెప్పబోయాను. "మమ్మీ, నీకు తెలీదు. పిన్నిని అడుగుతా" అని వెళ్ళి శ్రావణి ఒళ్ళో కూర్చుంది.

ఇంతే. ఇంతకంటే ఏమీ జరగలేదు. నాకు జరిగిన అన్యాయం చెప్పమంటే ఇదే చెప్పాలి. ఏడేళ్ళ పిల్ల అన్న ఒక మాట, అత్తగారు అనని ఒక మాట. దీనికి ఎవరైనా అంత పని చేస్తారా? నేను చేశాను.

కొండ మీద మ్యూజియం చూశాం. ఎండగా ఉన్నా గాలి విసురుగా ఉంది. అత్తయ్య అలిసిపోయి, పాపని తీసుకుని రేవు దగ్గర నీడకి వెళ్ళిపోయారు. యాత్రికులు పెద్ద స్తూపం దగ్గర పూలు పెట్టి, దణ్ణాలు పెట్టుకుని దిగిపోయారు. శ్రావణి అక్కడే ఆగిపోయింది.

"అక్కా, కాసేపు ఇక్కడ కళ్ళు మూసుకుని కూర్చుంటా. నాకివాళ చాలా అవసరం" అంది. తన హ్యాండ్‌బ్యాగ్ తీసి నా చేతికిచ్చింది. "లాంచీ హారన్ ఇక్కడికి వినపడదేమో. బయల్దేరేముందు ఒక్క కేక వెయ్యవా?"

"వేస్తాలే. కూర్చో" అన్నాను.

లాంచీకి టైమయింది. నేను వెళ్ళాను. వెళ్ళలేదని చెప్పుకోవడానికి కూడా లేదు నాకు. స్తూపం కనపడేదాకా నడిచి వెళ్ళాను. ఆమె నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. చున్నీ కొస గాలికి ఎగురుతోంది. మనిషి మాత్రం కదలడంలేదు. శ్రావణీ అంటే చాలు, లేచి వచ్చేది. నోటిదాకా వచ్చింది కూడా. అంత ప్రశాంతంగా ఎలా కూర్చుంది ఈ మనిషి, అనిపించింది. అందరి ప్రేమా తీసుకుని, ఇప్పుడు ఈ కొండ మీద నిశ్శబ్దం కూడా తనకే కావాలా, అనిపించింది. ఇవి ఆ క్షణంలో నాకు నిజంగా వచ్చిన ఆలోచనలా, తర్వాత నేను అల్లుకున్నవా? ఇప్పుడు చెప్పలేను. తెలిసిందల్లా ఒకటే. నేను వెనక్కి తిరిగాను.

రేవులో లాంచీ మనిషి తాడు విప్పబోతూ నన్ను చూసి ఆగాడు. "మీతో ఇంకొకావిడ ఉండాలి కదమ్మా?"

"వెనక లాంచీలో వస్తానంది."

"వెనక ఒకటే ఉందమ్మా. గాలి లేస్తోంది, అదొస్తుందో రాదో. పిలవండి, మేం ఆగుతాం."

"పిలిచాను. రానంది."

ఆయన కొండ వైపు ఒకసారి చూసి తాడు విప్పేశాడు.

ఆగుతాం అన్నాడండీ ఆయన. ఆ మాట నేను విన్నాను. గాలి సంగతి కూడా విన్నాను. ఏదో గంట ఆలస్యమవుతుందనుకున్నాను, అంతకుమించి అనుకోలేదు అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో! మరి ఆయన చెప్పింది వినపడలేదా? వినపడింది. వినపడీ ఎక్కాను.

లోపల అత్తయ్య, చిన్నదేదీ అని అడిగారు. అదే మాట చెప్పాను. అత్తయ్య నొసలు చిట్లించారు. "ఇదేం పిల్లమ్మా, మనల్ని కూర్చోబెట్టి!" అన్నారు. మొదటిసారి శ్రావణి మీద ఆవిడకి విసుగు రావడం చూశాను. సిగ్గుపడుతూ చెప్తున్నాను, నాకు హాయిగా అనిపించింది. ఆ చిట్లింపు చూడ్డానికే ఇదంతా చేశాననుకుంటాను.

ఒడ్డుకి వచ్చాక గాలి ముదిరింది. రెండో లాంచీ వెళ్ళలేదు. ఇక రేపు పొద్దున్నే అన్నారు. కొండ మీద కాపలావాళ్ళున్నారు, భయం లేదన్నారు. అప్పుడు నా చేతిలో ఉన్న శ్రావణి బ్యాగ్‌లో ఫోన్ మోగింది. కిరణ్.

విషయం చెప్పాను. "వదినా, తను ఎలాగైనా రావాలి. ఈ రాత్రికి తనకి ఒక మందు ఉంది" అన్నాడు.

"ఏం మందు?"

"ఏం లేదు వదినా. నేను వస్తున్నా."

ఆ గొంతులో భయం వినపడింది. అప్పుడు పరిగెత్తాను. లాంచీవాళ్ళని బతిమాలాను. చేపల పడవలవాళ్ళ కాళ్ళు పట్టుకున్నంత పనిచేశాను. ఆ గాలిలో పడవ తియ్యడానికి ఎవరూ ఒప్పుకోలేదు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. దొంగ ఏడుపు కాదది. అందుకేనేమో అందరూ నమ్మారు. తోడికోడలి కోసం ఎంత అల్లాడిపోయిందో అని అత్తయ్య ఇప్పటికీ చెప్తారు.

చీకటి పడ్డాక కిరణ్ వచ్చాడు. చేతిలో చిన్న నీలం ఐస్‌బాక్స్ ఉంది. అన్నం తెచ్చాడనుకున్నారు అత్తయ్య. రేవు మెట్ల మీద ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఎప్పుడో మూత తీసి చూసుకుని, మళ్ళీ మూసి, పక్కన పెట్టేశాడు.

పొద్దున మొదటి లాంచీలో శ్రావణి వచ్చింది. ముందు కిరణ్ దగ్గరికి వెళ్ళింది. ఆమె తల అడ్డంగా ఊపింది, అంతే. తర్వాత నా దగ్గరికి వచ్చింది. నన్ను నిలదీస్తుందనుకున్నాను. నిలదీస్తే అక్కడే చెప్పేసేదాన్నేమో. ఏమో, ఇది కూడా నన్ను నేను కాపాడుకోవడమేనేమో.

"అక్కా, నువ్వు పిలవలేదా?" అంది. నిందగా కాదు, తెలుసుకోవాలని.

"పిలిచాను శ్రావణీ. నువ్వు చెయ్యి ఊపావు. వెనక వస్తావనుకున్నాను."

ఆమె చాలాసేపు తన చేతివైపు చూసుకుంది. "ఊపానా? నాకు గుర్తే లేదక్కా. అంత ఒళ్ళు తెలియకుండా కూర్చున్నానా?" అంది. "సారీ అక్కా. నిన్ను చాలా కంగారు పెట్టాను."

నేనేమన్నానో తెలుసా? "పోనీలే" అన్నాను. ఆమెని క్షమించాను.

ఆ చలికాలం నోవైలో ఇద్దరం ఇండియన్ స్టోర్ నుంచి కూరగాయలు తీసుకుని వస్తున్నాం. నేను డ్రైవ్ చేస్తున్నాను. మంచు పడుతోంది. శ్రావణి ఉన్నట్టుండి చెప్పింది. పిల్లల కోసం హైదరాబాద్‌లో ట్రీట్‌మెంట్ చేయించుకుందట. అత్తయ్య ఆశలు పెట్టుకుంటారని ఎవరికీ చెప్పలేదట. రోజూ సూదులు పొడిపించుకుని, ఆ రాత్రి వెయ్యాల్సిన ఇంజెక్షన్ దాకా వచ్చిందట. అది టైముకి పడాలి. పడలేదు. ఐస్‌బాక్స్‌లో ఉన్నది అదే. అప్పటిదాకా పడ్డదంతా వృథా అయిపోయింది. ఇక్కడికి వచ్చాక ఇంకోసారి ప్రయత్నించారు, నిలవలేదు.

"డాక్టర్ అసలు ముందునుంచీ అవకాశం తక్కువే అంది అక్కా. ఆ రోజు నేను టైముకి వచ్చినా ఏమయ్యేదో తెలీదు. కానీ నా చేతులారా పోగొట్టుకున్నాను కదా. కళ్ళు మూసుకుని కూర్చుని పోగొట్టుకున్నాను."

వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. పక్కకి ఆపి చెప్పేయాలి. ఇప్పుడే. నోరు తెరిచాను.

"నీ తప్పేం లేదు" అన్నాను.

నేను ఆమెతో చెప్పిన నిజం అదొక్కటే. అంత పిరికి మాట నా జీవితంలో ఇంకోటి అనలేదు. ఓదార్పనుకుని నా భుజం మీద చెయ్యి వేసింది.

ఆ తర్వాత వాళ్ళు ప్రయత్నించలేదు. కిరణ్ వద్దన్నాడో, ఆమె వద్దందో నాకు తెలీదు. ఒకటి మాత్రం తెలుసు. శ్రావణి మళ్ళీ ఎప్పుడూ ధ్యానానికి కూర్చోలేదు. పెళ్ళయిన కొత్తలో రోజూ పొద్దున్నే కూర్చునేది. ఇప్పుడు నా ఫ్రెండ్స్ ఎవరైనా యోగా క్లాస్‌కి రమ్మంటే నవ్వేసి, "నన్ను కూర్చోబెడితే లేవనండీ, లాంచీ వెళ్ళిపోతుంది" అంటుంది. ఆ కథ ఆమే చెప్తుంది. తలో వంటా తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లలో, బర్త్‌డే పార్టీల్లో. చెయ్యి ఎలా ఊపిందో కూడా చేసి చూపిస్తుంది. ఊపని చెయ్యి! అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. మంచినీళ్ళు తాగినట్టు నవ్వుతాను.

ఆమెకి పిల్లలు లేకపోవడానికి కారణం నేనేనా? డాక్టర్ మాట పట్టుకుని వేలాడాలని ఉంటుంది. అవకాశం తక్కువే కదా, ఎలాగూ అయ్యేది కాదేమో కదా. కానీ లెక్క తేలకపోతే తప్పు పోతుందా? బిడ్డ పుట్టేదో లేదో ఎవరికీ తెలీదు, సరే. తన మీద తనకున్న నమ్మకాన్ని తీసింది మాత్రం నేనే. తన ఒంటిని, తన చెవుల్ని, తన మనసుని అనుమానించుకునేలా చేశాను. అది ఏ డాక్టర్ మీదా తొయ్యలేను.

మా అమ్మాయి ఇప్పుడు కాలేజీలకి అప్లై చేస్తోంది. దానికి డ్రైవింగ్ నేర్పింది శ్రావణే. నాకు చెప్పని మాటలు ఆమెకి చెప్తుంది. ఒకప్పుడు దానికే మండిపడ్డాను. ఇప్పుడు దానికి అడ్డు చెప్పే హక్కు నాకు లేదనిపిస్తుంది. పోయిన వారం భోజనాల దగ్గర, కాలేజీ మొదలయ్యేలోపు అందరం ఇండియా వెళ్దాం అంది. "ఆ ఐలండ్ చూడాలి నాకు, పిన్ని లాంచీ మిస్ అయింది కదా, అది. మమ్మీ, నువ్వు ఎక్కడ నించుని పిలిచావో చూపించాలి."

శ్రావణి నవ్వింది. సరే అంది. నేను లేచి సింక్ దగ్గరికి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. ఎక్కడ నించున్నానో చూపించగలను. ఆ చోటు నాకు బాగా గుర్తుంది. అక్కడ నించుని ఏం చేశానో మాత్రం చూపించలేను.

అందుకే ఇది రాస్తున్నాను. నేను పిలవలేదు. రాయడానికి ఇంత చిన్న మాట. రాశాక చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. బరువు దిగిందా అంటే, దిగలేదు. దిగాలని అడగను కూడా. కానీ ఇప్పుడు ఆ నిజం నా ఒక్కదాని దగ్గరే లేదు. ఆ మాత్రానికే ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్తోంది.

మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు. మా ఆయన ఇలాంటివి చదవడు. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టానేమో. శ్రావణి మాత్రం చదువుతుంది, తెలుగులో ఏది కనపడినా వదలదు. పేర్లన్నీ మార్చాను. కొండ పేరు కూడా మార్చి, ఇంకేదో పేరు పెట్టి చూశాను. మళ్ళీ కొట్టేసి నాగార్జునకొండ అనే రాశాను. ఇది ఆమె కంటపడితే మొదటి పేరా దాటకముందే తెలిసిపోతుంది.

తెలియనీ.